సొంత ప్రెస్సున్న మనిషి

జీన్ క్లొస్ పేరు ఎత్తగానే పక్కన 'ప్రాంతీయ కళాకారిణి' అని తగిలించడం అలవాటైపోయింది. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రపు ఆవిడ, అక్కడి టావోస్ ఊరి ఆవిడ, అక్కడి కొండలూ మట్టి ఇళ్ళూ పండగలూ చెక్కినావిడ. అందులో అబద్ధమేమీ లేదు. 1903లో పుట్టి 1996లో కన్నుమూసిన ఈ అమెరికన్ ఎచర్, అంటే రాగి రేకు మీద బొమ్మ చెక్కి దాన్నుంచి కాగితం మీద అచ్చు తీసే కళాకారిణి, ఆరువందలకు పైగా ప్రింట్లు చేసింది, వాటిలో చాలావాటికి ఆ నేలే ఆధారం. నన్ను బాధపెట్టేది ఆ మాట వెనకున్న స్వరం. పెద్ద కళంతా న్యూయార్కులో జరిగిపోతుంటే, ఈవిడ ఒక మూల కూర్చుని కంటికి కనిపించింది గీసుకుంది పాపం, అన్నట్టు మాట్లాడతారు.

నేను ఎచింగ్ నేర్చుకున్నదాన్ని. చదువయ్యాక ప్రెస్సు లేక ఆ పనికి దూరమైనదాన్ని కూడా. అందుకే క్లొస్ జీవితం చదువుతుంటే నా కళ్ళు ముందుగా ఆ ప్రెస్సు మీదికే పోతాయి. తన సొంతం, తన చేతికింద ఉన్నది, అర్ధరాత్రి బుద్ధిపుట్టినా లేచి తిప్పుకోగలిగినది. అది ఉండబట్టే ఆవిడ దాదాపు అరవై ఏళ్ళు ఒకరి దయ కోసం ఎదురుచూడకుండా పనిచేయగలిగిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రాంతీయ అని ముద్రవేసి మనం చూడకుండా దాటేస్తున్నది ఆ స్వతంత్రాన్నే.

ఈ పని తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. రాగి రేకు (దీన్నే ప్లేటు అంటాం) తీసుకుని ముందు దాని అంచుల్ని ఆకురాయితో ఏటవాలుగా అరగదీస్తాం. లేకపోతే ప్రెస్సులో పడగానే కాగితాన్ని కోసేస్తుంది. రేకు మీద మైనం కలిసిన నల్లటి పూత వేసి, ఆరాక దాని మీద సూదితో గీస్తాం. సూది తగిలిన చోట పూత లేచి రాగి మెరుస్తుంది. అప్పుడు రేకును ఆసిడ్‌లో పెడితే, బయటపడిన రాగిని మాత్రమే అది తింటుంది. ఎంతసేపు తింటే గీత అంత లోతు, కాగితం మీద అంత నలుపు. నైట్రిక్ ఆసిడ్ అయితే గీతల వెంబడి సన్నటి బుడగలు వరసగా లేస్తాయి. వాటిని పక్షి ఈకతో తట్టి చెదరగొడుతూ ఉండాలి. బుడగ పట్టుకుని కూర్చుంటే అక్కడ ఆసిడ్ సమంగా తినదు, గీత పళ్ళూడిన దువ్వెనలా వస్తుంది.

తర్వాత పూత కడిగేసి, రేకంతా సిరా పట్టించి, గంజిపెట్టిన పలచటి గుడ్డతో తుడుస్తాం. ఆఖరి తుడుపు అరచేతి అంచుతోనే. పైన సిరా పోతుంది, గీతల్లో మిగులుతుంది. దాని మీద తడిపిన కాగితం, కాగితం మీద ఫెల్టు దుప్పట్లు వేసి రెండు ఉక్కు రోలర్ల మధ్యకు నెడితే, ఆ ఒత్తిడికి కాగితం గీతల్లోకి దిగి సిరాను లాక్కుంటుంది. బొమ్మ కుడి ఎడమలు తారుమారై పడుతుంది. చెక్క మీద చెక్కే ఉడ్‌కట్ అయితే స్పూను వెనకభాగంతో రుద్ది కూడా ప్రింటు తీయొచ్చు. ఎచింగ్‌లో ఆ దారి లేదు. ఎంత బాగా గీసినా, ఎంత ఓపికగా ఆసిడ్‌లో పెట్టినా, ప్రెస్సు లేకపోతే నీ చేతిలో ఉన్నది గీతలు పడ్డ రాగి ముక్కే.

క్లొస్ అసలు పేరు ఆలిస్ జెనీవా గ్లేజియర్. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో పుట్టింది. బర్కిలీలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివింది, 1924లో పట్టా పుచ్చుకుంది. అక్కడ పెరామ్ నాల్ అనే ఉపాధ్యాయుడి క్లాసులో ఎచింగ్ పరిచయమైంది. ఆమె మొదటి ప్లేటుకు ప్రింటు తీసి చూసినప్పుడే, ఈ అమ్మాయి ఎచర్ అవుతుందని ఆయన అన్నాడంటారు. 1925లో ఫిలిప్స్ క్లొస్ అనే కవిని పెళ్ళి చేసుకుంది. ఆలిస్ జెనీవా పోయి జీన్ క్లొస్ మిగిలింది. సంతకం చూస్తే ఆడో మగో తెలియని పేరు.

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ న్యూ మెక్సికో వెళ్ళారు. టావోస్ కాన్యన్‌లో గుడారం వేసుకున్నారు. సామాన్లలో ఒక చిన్న ఎచింగ్ ప్రెస్సు కూడా ఉంది. అరవై పౌండ్ల బరువు, అంటే మన లెక్కలో 27 కిలోలు. దాన్ని అక్కడున్న ఒక బండకు సిమెంటుతో బిగించుకుని ప్రింట్లు తీసుకుంది ఆవిడ.

ఈ సంగతి ఆవిడ గురించి రాసే ప్రతివాళ్ళూ ముచ్చటగా చెబుతారు, కొత్త దంపతుల సరదాగా. ప్రెస్సు తిప్పినవాళ్ళకు మాత్రం వేరే అర్థమవుతుంది. తేలికపాటి ప్రెస్సును ఊరికే నేల మీద పెట్టి హ్యాండిల్ తిప్పితే రోలర్లు కదలవు, ప్రెస్సే లేచి వస్తుంది. రేకు రోలర్ల అంచుకు రాగానే ఒంట్లో బలమంతా పెట్టాలి, ఆ క్షణంలో కింద ఆధారం ఇసుమంత కదిలినా ప్రింటు మసకబారుతుంది. అందుకే బండ, అందుకే సిమెంటు. ఇరవై రెండేళ్ళ పిల్ల, కొత్త కాపురం, ముక్కూ మొహం తెలియని కొండలు. వాటి మధ్య ముందుగా స్థిరపరుచుకున్నది తన పనిముట్టుని. ఇల్లు తర్వాత చూసుకోవచ్చు అనుకున్నట్టుంది.

అప్పటికే టావోస్ చిత్రకారుల ఊరు. 1915లో ఆరుగురు చిత్రకారులు కలిసి టావోస్ సొసైటీ ఆఫ్ ఆర్టిస్ట్స్ పెట్టారు. ఆరుగురూ మగవాళ్ళు, ఆరుగురూ రంగుల బొమ్మలవాళ్ళు. 1927లో ఆ సంఘం మూతపడే లోపల అందులో పూర్తి సభ్యత్వం దక్కిన స్త్రీ ఒక్కరే, 1924లో ఎన్నికైన క్యాథరిన్ క్రిచర్. ఆ బొమ్మలకు సాంటా ఫే రైల్వే పెద్ద ఆసరా. పడమటికి ప్రయాణికుల్ని రప్పించడానికి ఆ కంపెనీ చిత్రాలు కొని క్యాలెండర్లు అచ్చువేసేది. క్లొస్ ఆ గుంపులో లేదు. నలుపు తెలుపుల్లో, గోడ మీద పెద్దగా కనబడని కొలతల్లో, కాగితం మీద పనిచేసేది. కొన్నేళ్ళు వేసవి టావోస్‌లో, చలికాలం బర్కిలీలో గడిపి, తర్వాత టావోస్‌లోనే ఇల్లు కట్టుకుంది. 1965 నుంచి 1970 దాకా కొలరాడోలో ఉండి మళ్ళీ టావోస్‌కే వచ్చింది. చిన్న ప్రెస్సు పోయి పెద్దది వచ్చింది, స్టర్జిస్ కంపెనీది, 1,084 పౌండ్లు, మన లెక్కలో సుమారు 492 కిలోలు. ఎడిషన్లన్నీ, అంటే ఒక్కో ప్లేటు నుంచి తీసే ప్రింట్లన్నీ, తనే అచ్చు తీసుకునేది.

ఈ ఆఖరి మాట చిన్నదిగా కనబడుతుంది కానీ అక్కడ ఆగాలి. చాలామంది చిత్రకారులు ప్లేటు గీసి ఇచ్చేస్తారు, అచ్చు తీసే నిపుణుడు వేరే ఉంటాడు. అది తప్పు కాదు, గొప్ప ప్రింట్లెన్నో అలా వచ్చాయి. కాని సిరా ఎంత వదిలేయాలి, ఎక్కడ అరచేతితో ఇంకోసారి రుద్దాలి అనే నిర్ణయాలు బొమ్మ సగం. డ్రైపాయింట్ సంగతి మరీ సున్నితం. అందులో ఆసిడ్ ఉండదు, రాగిని సూదితో నేరుగా గీకుతాం, గీత పక్కన రాగి సన్నటి గట్టులా లేస్తుంది. ఆ గట్టు సిరాను పట్టుకుని మఖమల్లు లాంటి నలుపునిస్తుంది. ప్రెస్సులో పడ్డప్పుడల్లా అది కొంచెం కొంచెం నలుగుతుంది. కొన్ని పదుల ప్రింట్లకే నలుపు పలచబడిపోతుంది. ఎక్కడ ఆపాలో ఎచర్‌కే తెలియాలి. ఆ తీర్పు క్లొస్ ఎవరికీ అప్పగించలేదు.

డల్లాస్‌లో ఉండే మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు దాన్ని బతిమాలి కారులో సాంటా ఫే తీసుకెళ్ళమన్నాను. అక్కడొక చిన్న గ్యాలరీలో, అడగ్గానే, పెద్దాయన సొరుగు లాగి క్లొస్ ప్రింటు ఒకటి బల్లమీద పరిచాడు, అద్దం లేకుండా. రాత్రి దృశ్యం. పుస్తకాల్లో, ఫోన్లో చూసినప్పుడు ఆ రాత్రి ఒట్టి నల్లమచ్చలా ఉంటుంది. దగ్గర్నించి చూస్తే అందులో ఎన్ని చీకట్లో. కొండ వెనకాల ఒకటి, గోడ నీడది ఒకటి, మనుషులు కప్పుకున్న దుప్పట్లది ఇంకొకటి. మా చెల్లెలు కూడా ఒంగి చూసి, "అక్కా, ఇది పెన్సిలా?" అంది. కాగితం అంచున ప్లేటు దిగబడ్డ గుంట వేలితో తాకి చూడాలనిపించింది. తాకలేదు.

ఆ చీకట్లు ఎలా వచ్చాయో తెలిస్తే ఆవిడ మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. మామూలుగా ఎచింగ్‌లో నీడల కోసం ఆక్వాటింట్ వాడతాం. రోజిన్ అనే చెట్టుబంక పొడిని రేకు మీద ధూళిలా పడనిచ్చి, కింద నుంచి వేడిచేస్తే రేణువులు కరిగి అతుక్కుంటాయి. ఆసిడ్ ఆ రేణువుల మధ్య ఖాళీల్లో తినడంతో రేకు గరుకెక్కి సిరా పట్టుకుంటుంది. ఎక్కడ లేతగా కావాలో అక్కడ వార్నిష్ పూసి ఆపుతాం, మిగతాది మళ్ళీ ఆసిడ్‌లో ముంచుతాం. అలా మెట్లు మెట్లుగా నీడలు వస్తాయి, ప్రతి మెట్టుకూ అంచు కనబడుతుంది. క్లొస్ ఆ తొట్టి పద్ధతితో ఆగలేదు. ఆసిడ్‌ను జపనీస్ కుంచెతో నేరుగా రేకు మీద రాసింది, నీటిరంగులు వేసినట్టు.

ఇది చెప్పినంత తేలిక కాదు. కుంచెలో ఉన్నది రంగు కాదు. రాసిన చోట ఏమీ కనబడదు, తడి తప్ప. ఎంత తిన్నదో లెక్కబెట్టుకోవాలి, బుడగల వేగం చూసి ఊహించుకోవాలి, నీళ్ళతో ఆపాలి. పొరపాటు జరిగితే చెరపడం అంటే రాగిని గీకి, మెరుగుపెట్టి, మళ్ళీ మొదట్నించి. ఇవాళ స్టూడియోల్లో స్పిట్ బైట్ అని పిల్లలకు నేర్పించే పద్ధతులు ఈ కోవలోవే. ఆవిడ దాన్ని ఒక ముచ్చటగా కాకుండా తన భాషగా మార్చుకుంది. పగటి ఎండ సముద్రమట్టానికి ఏడువేల అడుగుల ఎత్తున ఎలా పడుతుందో, ఆ ఎత్తులో రాత్రి మంట వెలుగు మట్టిగోడ మీద ఎంతవరకు పాకి ఎక్కడ ఆగుతుందో, అంచు లేని నీడలు లేకుండా చూపించడం కుదరదు. టావోస్ ఆమెకు దొరికిన విషయం మాత్రమే అనుకునేవాళ్ళు ఇక్కడే దారితప్పుతున్నారు. ఆ ఊరు ఆమెకొక సాంకేతిక సమస్యను ఇచ్చింది. దశాబ్దాల తరబడి ఆమె రాగి మీద దానికి జవాబు వెతికింది. అలా వెతకడానికి వందల ప్లేట్లు పాడుచేసుకునే వీలుండాలి. పక్కవాళ్ళ ప్రెస్సు మీద వారానికి రెండు గంటలు అడుక్కునేవాళ్ళకు ఆ వీలుండదు.

1929లో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలాక ఎచింగ్‌ల ధరలు కూడా కూలాయి. అంతకుముందు ఇరవైల్లో ఎచింగ్‌లు షేర్లలాగా కొని అమ్ముకున్నవాళ్ళు ఒక్కసారిగా మాయమయ్యారు. ఎచర్లు ఎంతోమంది వేరే పనులు చూసుకున్నారు. 1933 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పబ్లిక్ వర్క్స్ ఆఫ్ ఆర్ట్ ప్రాజెక్ట్ పేరుతో కళాకారులకు కొన్ని నెలల పాటు కూలి ఇచ్చే పథకం పెట్టింది. అందులో క్లొస్ న్యూ మెక్సికో దృశ్యాలు తొమ్మిది ప్లేట్లుగా చెక్కింది. వాటిని అచ్చువేసి ఆ రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలలకు పంపిణీ చేశారు. అచ్చుబొమ్మ పుట్టిందే అందుకని నా అభిప్రాయం. ఒక్క ధనవంతుడి గోడకు కాక నలభై బడుల గోడలకు చేరడానికి.

ఆ కాలపు ప్రింట్లలో ఒకటి ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. 'ఈవ్ ఆఫ్ ది గ్రీన్ కార్న్ సెరెమనీ, డొమింగో ప్యూబ్లో', 1934. ప్యూబ్లో అంటే అక్కడి ఆదివాసుల ఊరు, ఆ జనాన్నీ అలాగే పిలుస్తారు. సాంటో డొమింగో ప్యూబ్లో వాళ్ళకు ఆగస్టు 4 పెద్ద పండగ, ఆ రోజు మొక్కజొన్న నాట్యం చేస్తారు. క్లొస్ బొమ్మకు పెట్టుకున్న పేరు పండగది కాదు, పండగ ముందటి వేళది.

ఈ తేదీల వెనక ఒక చరిత్ర ఉంది, దాన్ని వదిలేసి ఆ ప్రింటు చూడటం నాకు అన్యాయమనిపిస్తుంది. 1921లో అమెరికా ప్రభుత్వంలో ఇండియన్ (అంటే అక్కడి ఆదివాసుల) వ్యవహారాల కమిషనర్ చార్లెస్ బర్క్ ఒక సర్క్యులర్ పంపాడు. ఆదివాసుల నాట్యాలను అదుపు చెయ్యమని అధికార్లకు ఆదేశం. 1923లో ఇంకా ముందుకెళ్ళి, ఆ నాట్యాలు మీ అంతట మీరే మానుకోండని ప్రజలకే నేరుగా సందేశం పంపాడు. ప్యూబ్లోల భూములకు ఎసరు పెట్టిన బర్సమ్ బిల్లు మీద ఆ జనం 1922లోనే ఒక్కటై పోరాడుతున్నారు. ఆ పోరాటం నాట్యాల మీదికీ వచ్చింది. 1925లో జీన్, ఫిలిప్స్ గుడారం వేసుకున్న కాలం అది. 1933లో జాన్ కొలియర్ కమిషనర్ అయ్యాకే ప్రభుత్వ ధోరణి మారింది. మానుకోమని చెప్పిన పదేళ్ళకు అదే ప్రభుత్వం కూలి ఇచ్చి ఆ వేడుకను రాగి మీద చెక్కించి బడులకు పంపించింది. క్లొస్ ఉద్యమకారిణి అని నేను అనను. కాని ఆ ప్రింటు బడి గోడ మీద ఉండటానికి అప్పట్లో ఒక బరువుంది.

దీనికి ఎదురుమాట కూడా ఉంది, అది చిన్నది కాదు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన తెల్లావిడ ఆ పండగలు చెక్కడమేమిటి? సాంటో డొమింగోలో వేడుకలప్పుడు ఫోటోలు తీయనివ్వరు, బొమ్మలు గీయనివ్వరు. చూడు, పో, అంతే. క్లొస్ చూసి వచ్చి గుర్తున్నదాన్ని చెక్కింది. పెనిటెంటేలనే క్యాథలిక్ సోదర సంఘం వాళ్ళ పవిత్ర వారపు ఊరేగింపులనూ అలాగే. ఉత్తర న్యూ మెక్సికో పల్లెల్లో గుట్టుగా జరుపుకునే తంతు అది. 1939 నాటి 'పెనిటెంటే ఫైర్స్' ఆవిడ ప్రింట్లలో బాగా పేరున్నది. ఎంత గొప్ప ప్రింటైనా, గుట్టుగా ఉంచుకున్నదాన్ని బయటపెట్టే హక్కు ఆమెకు ఎవరిచ్చారని అడిగేవాళ్ళను నేను తప్పుపట్టను. మన దగ్గర కూడా జాతరల్లో పూనకం వచ్చినావిడ మొహానికి అంగుళం దూరంలో కెమెరా పెట్టేవాళ్ళను చూస్తూనే ఉన్నాం. చూస్తే ఒళ్ళు మండుతుంది.

నాకు తోచింది చెబుతాను. క్లొస్ రాత్రి దృశ్యాల్లో మొహాలకు పెద్ద పాత్ర ఉండదు. మనుషులు చిన్నగా, దుప్పట్లు కప్పుకుని, గుంపుగా ఉంటారు. కొండ, ఆకాశం, గోడ మిగతా చోటంతా తీసుకుంటాయి. పక్కకు నిలబడ్డ అతిథి ఎక్కడి నుంచి చూస్తుందో అక్కడి నుంచే చూస్తాం మనం కూడా. దగ్గరకు వెళ్ళి, లోపలి అర్థం నాకు తెలుసన్నట్టు ఆవిడ చెక్కలేదు. ఆ హద్దు పాటించడం నాకు మర్యాదగా కనబడుతుంది. ప్రశ్నకు అది పూర్తి జవాబు కాదు. లోపలి నుంచి ఆ నాట్యాలను చూడాలంటే టొనిటా పెన్యా దగ్గరికి వెళ్ళాలి. 1893లో సాన్ ఇల్డెఫోన్సో ప్యూబ్లోలో పుట్టి, కొచీటీలో పెరిగి, తన జనం నాట్యాలను నీటిరంగుల్లో వేసిన స్త్రీ ఆమె. ఆమె బొమ్మల్లో వెనక కొండలుండవు, నేల కూడా ఉండదు. తెల్ల కాగితం మీద నాట్యం చేసేవాళ్ళే, అడుగు అడుగూ తెలిసినవాళ్ళు వేసినట్టు. క్లొస్‌ను చూసేవాళ్ళు పెన్యాను కూడా చూడాలి. ఇద్దరూ ఒకే కాలంలో, ఒకే రాష్ట్రంలో పనిచేశారు. ఒకరికి కొండ తెలుసు, ఒకరికి అడుగు తెలుసు.

మళ్ళీ ఆ ముద్ర సంగతికొస్తాను. అమెరికన్ చిత్రకారుడు విస్లర్ 1879లో వెనిస్ వెళ్ళాడు. పన్నెండు ఎచింగ్‌లు చేసిపెట్టమని లండన్ సంస్థ ఒకటి పంపితే, ఏడాదికి పైగా ఉండిపోయి యాభై దాకా చేశాడు. ఆయన్ను వెనిస్ ప్రాంతీయ కళాకారుడని ఎవరూ అనలేదు. పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ హాలండ్ దాటి పోయినట్టే లేదు, ఆమ్‌స్టర్‌డామ్ చుట్టుపక్కల పొలాలూ గాలిమరలూ ఎచింగ్‌లు చేస్తూ బతికాడు. వాళ్ళు చూసిన చోటు లోకమైంది. క్లొస్ చూసిన చోటు ప్రాంతమైంది.

ఇది క్లొస్‌తో మొదలైంది కాదు. 1842లో స్కాట్లండ్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరిన మేరీ నిమ్మో మోరాన్ 1879లో ఎచింగ్ మొదలుపెట్టింది. భర్త థామస్ మోరాన్ పెద్ద పేరున్న చిత్రకారుడు. ఆయన పడమటి కొండలకు పోతూ, పూత వేసిన ప్లేట్లు ఇచ్చి ప్రయత్నించి చూడమన్నాడు. ఆవిడ ప్లేటు పట్టుకుని ఆరుబయట కూర్చుని, ఎదురుగా ఉన్న చెరువునూ చెట్లనూ నేరుగా రాగి మీద గీసింది. రెండేళ్ళు తిరక్కుండానే లండన్‌లోని పెయింటర్ ఎచర్ల సంఘం మొదటి సభ్యుల్లో ఏకైక స్త్రీ అయింది. 'ఎం. నిమ్మో మోరాన్' అని సంతకం పెట్టేది, సమీక్షకులు మగవాడనుకున్నారు. లాంగ్ ఐలండ్‌లోని ఈస్ట్ హాంప్టన్ చెరువులు, గాలికి వంగిన చెట్లు ఆమె ప్రపంచం. 1887లో బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం స్త్రీ ఎచర్లకు ప్రత్యేకంగా ప్రదర్శన పెట్టినప్పుడు అందులో ఎక్కువ ప్రింట్లు ఆవిడవే. గీత బలంగా ఉందని మెచ్చుకుంటూ మగవాడి గీతలా ఉందన్నారు. ఇంటి చుట్టూ ఉన్నదాన్ని చూసే కళ్ళూ, రాగిని లోతుగా కొరికించే చెయ్యీ ఒకే ఆడమనిషికి ఉండొచ్చని ఒప్పుకోవడం అంత కష్టమైపోయింది.

మన తెలుగువాళ్ళకు ఎచింగ్ అనగానే రెండు పేర్లు. ఒకటి కృష్ణారెడ్డి గారిది. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్, లండన్, పారిస్ మీదుగా న్యూయార్కు చేరి, 2018లో అక్కడే పోయారు. పారిస్‌లో హేటర్ అనే కళాకారుడు నడిపిన అటెలియే 17 అనే వర్క్‌షాపులో, నూనె ఎక్కువ తక్కువలున్న సిరాలు ఒకదానితో ఒకటి కలవకుండా ఒకే ప్లేటు మీద అన్ని రంగులూ అచ్చుపడే విస్కాసిటీ పద్ధతిని తీర్చిదిద్దినవాళ్ళలో ముఖ్యులు. రెండోది లక్ష్మా గౌడ్ గారిది. ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్ మనుషుల్నీ మేకల్నీ మోహాల్నీ ఎచింగ్ గీతలోకి తెచ్చినవారు. నిజాంపూర్‌ను చెక్కారని ఆయన్ను ఎవరూ పక్కన కూర్చోబెట్టలేదు, కూర్చోబెట్టకూడదు కూడా. కృష్ణారెడ్డి గారికి పారిస్ వర్క్‌షాపు దొరికింది, పదిమంది కలిసి వాడుకునే ప్రెస్సులు, రాత్రీ పగలూ చర్చలు. లక్ష్మా గౌడ్ గారికి బరోడా విశ్వవిద్యాలయం దొరికింది. ఇద్దరి ప్రతిభ గురించీ రెండో మాట లేదు. అయితే ఆ ప్రతిభ వెనక ఎప్పుడు కావాలంటే అప్పుడు తలుపు తెరుచుకునే ఒక స్టూడియో ఉంది.

ఆడపిల్లల సంగతేమిటి? నేను చదివిన కాలేజీలో మా బ్యాచిలో ప్రింట్‌మేకింగ్ తీసుకున్నవాళ్ళలో సగానికి పైగా అమ్మాయిలమే. సాయంత్రం ఆరింటికి హాస్టలుకు చేరాలి. ఎచింగ్‌కి ఆరింటి లెక్క తెలియదు. కాగితాలు నానాలి, ప్లేటు ఆసిడ్‌లో ఉండాలి, సిరా తుడిచే టైముకు వాచ్‌మన్ గొలుసు పట్టుకుని నిలబడేవాడు. అబ్బాయిలు రాత్రి పన్నెండు దాకా ఉండి ప్రింట్లు తీసుకునేవాళ్ళు. పొద్దున మేం వచ్చేసరికి తీగ మీద వాళ్ళ ప్రింట్లు ఆరుతుండేవి. సంవత్సరం చివర, అమ్మాయిలు ఎడిషన్ పూర్తిచెయ్యరు, ఓపిక ఉండదు అని ఒక మాస్టారు అందరి ముందూ అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

డిగ్రీ చేతికొచ్చాక ఆ ఆరింటి దాకా ప్రెస్సు కూడా పోయింది. చెన్నైలో లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రంలో గ్రాఫిక్ స్టూడియో ఉంది, ఢిల్లీలో గఢీ స్టూడియోలున్నాయి, వడోదరలో ఛాప్ అనే వర్క్‌షాపు ఉంది. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళారు. పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఉద్యోగం ఉన్న ఊరు వదల్లేని వాళ్ళు అక్రిలిక్ రంగులు కొనుక్కున్నారు. నాతో చదివిన అమ్మాయిలు అందరూ బొమ్మలు వేస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఎచింగ్ చేసేది ఒక్కరూ లేరు. ఇష్టం పోయి కాదు. బాల్కనీలో కాన్వాసు పడుతుంది. అర టన్ను ఇనుము పట్టదు.

అందుకే టావోస్ బండ మీద సిమెంటుతో బిగించిన ఆ 27 కిలోల ప్రెస్సును సరదా కథగా చెప్పడం నాకు నచ్చదు. న్యూయార్కుకు దూరంగా ఉండిపోయిందని ఆమెను చిన్నది చేసేవాళ్ళు ఒక్కటి గమనించడం లేదు. న్యూయార్కు అవసరం ఆమెకు లేకుండా చేసింది ఆ ప్రెస్సే. యుద్ధం తర్వాత అమెరికాలో నైరూప్య చిత్రకళ తప్ప మరో మాట వినబడని రోజుల్లో కూడా ఆవిడ కొండలూ మంటలూ చెక్కుతూనే ఉంది. మ్యూజియంల వాళ్ళు ఏమనుకుంటున్నారో కనుక్కోవాల్సిన పని లేదు. రాగి ఉంది, ఆసిడ్ ఉంది, కాగితం ఉంది, రోలర్లు తిరుగుతున్నాయి. 1950లో న్యూయార్కులోని కళాకారుల సంస్థ నేషనల్ అకాడమీ ఆఫ్ డిజైన్ ఆమెను అసోసియేట్‌గా ఎన్నుకుంది, 1972లో పూర్తి సభ్యత్వం ఇచ్చింది. ఆ గుర్తింపు రాకపోయినా ప్లేట్లు ఆగేవి కావనడానికి, దానికి ముందున్న పాతికేళ్ళ పనే సాక్ష్యం.

ఫిలిప్స్ పాత్ర కూడా మర్చిపోకూడదు. భార్య పనిముట్టును కొత్త కాపురపు సామాన్లలో కలిపి కొండల్లోకి తీసుకెళ్ళడం, తర్వాత ఆ అర టన్ను యంత్రానికి ఇంట్లో చోటివ్వడం మాటలు కాదు. మనింట్లో కుట్టుమిషనుకు కిటికీ పక్కన చోటు దొరకడానికి ఎన్ని మాటలు పడాలో ఆడవాళ్ళకు తెలుసు.

నేనూ, నా పాత క్లాస్‌మేట్లు ఇద్దరూ కలిసి ఈ ఏడాది ఒక ప్రెస్సు కొనాలని తిరుగుతున్నాం. కొత్తది మా వల్ల కాదు. సెకండ్ హ్యాండ్ కావాలి, రేకు పెట్టే బెడ్డు కనీసం రెండడుగుల వెడల్పుండాలి, రోలర్లు వంగి ఉండకూడదు, గేర్లున్నదైతే మరీ మంచిది. సికింద్రాబాద్ వైపు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక షెడ్డు చూశాం, నేల కాంక్రీటు, నీళ్ళ కుళాయి ఉంది, ఆసిడ్ గదికి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుకోవచ్చు. తాళంచెవులు మూడు చేయించి, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు తెరుచుకునేలా ఒప్పందం రాసుకున్నాం. టైము నియమం పెట్టలేదు. ఎవరి గోదాములోనైనా, మూతపడ్డ కాలేజీలోనైనా అలాంటి ప్రెస్సు తుప్పుపడుతూ ఉందని మీకు తెలిస్తే చెప్పండి. తుప్పు మేం వదిలించుకుంటాం.